శాటిలైట్ పేరంటాలు

5-8-2024, సోమవారం
తెనాలి

డాక్టరు ఇవాళ కూడా అదే మాట. గొంతుకు రెస్ట్ ఇవ్వమ్మా అని. రెండేళ్ల నుంచి ఇస్తూనే ఉన్నాను. థైరాయిడ్ గడ్డ తీసేటప్పుడు గొంతు నరం దెబ్బతినొచ్చని ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు కాబట్టి ఎవరినీ తిట్టుకోవడానికి కూడా లేదు. గడ్డ పోయింది. దాంతోపాటు గొంతూ పోయింది. ఇప్పుడు నా నోట్లోంచి వచ్చేది మాట కాదు, గాలి. తడిసిన అట్టపెట్టెను గోరుతో గీకినట్టు ఉంటుంది. అందుకే ఈ డైరీ మొదలుపెట్టాను. రాస్తే అరిగేది పెన్నే కదా.

ఒకప్పుడు ఆ గొంతు మీదే బతికాను. విజయవాడలో ఒక చిన్న శాటిలైట్ ఛానల్లో యాంకర్ని. తెర మీద నా పేరు జ్యోత్స్న. ఇష్రత్ అంటే జనానికి నోరు తిరగదని మా ఎండీ పెట్టాడు. చీర, బొట్టు, సవరం అన్నీ వాళ్లవే. ముఖం ఒక్కటి నాది. అమ్మీ ఆ ప్రోగ్రాములు ఒక్కటీ చూడలేదు. చూడలేదని చెప్పేది. పక్కింట్లో కూర్చుని చూసేదని తర్వాత తెలిసింది.

ఛానల్ మూతపడింది. నేను తెనాలి వచ్చేశాను. ఇప్పుడు బోసు రోడ్డులో తమ్ముడు రెహమాన్ షాపులో కూర్చుంటున్నాను. డిష్‌లు, సీసీ కెమెరాలు. కస్టమర్లు వస్తే కుర్చీ చూపిస్తాను. వాళ్లు నన్ను మూగదాన్ననుకుని చేతులతో మాట్లాడతారు. నేనూ కాదనను.

14-8-2024, బుధవారం

రెహమాన్ రేపల్లె వైపు పనికి వెళ్లి సాయంత్రం వచ్చాడు. వస్తూనే నవ్వుతున్నాడు. నవ్వుతూనే ఉన్నవాడు నా ముఖం చూసి ఆపేశాడు. చివరికి చెప్పాడు. ఆపా, అక్కడ నీకు కొబ్బరికాయలు కొడుతున్నారే అని.

కృష్ణ కరకట్ట కింద ఊరట. మాణిక్యాంబ గారని, పొలాలూ పశువులూ ఉన్న ఇల్లు. వాళ్లాయన బతికుండగా పెరట్లో వేయించిన పెద్ద గొడుగు డిష్ ఒకటుంది. గాలికి పక్కకు తిరిగిపోతే సరిచేయమని వీణ్ని పిలిచారు. శ్రావణ శుక్రవారానికల్లా బాగైపోవాలని ఒకటే తొందర. వీడు పాత డిష్ తీసేసి చిన్నది పెట్టిస్తానంటే ఆవిడ చెవులు మూసుకుందట. సరే అని తిప్పి తిప్పి సిగ్నల్ పట్టాడు. అందులో వచ్చేది ఒక్కటే ఛానల్. మిగతావన్నీ ఎప్పుడో వేరే శాటిలైట్లకు వెళ్లిపోయాయి. ఆ ఒక్క దాంట్లో నేను.

ఛానల్ మూశారు గానీ సిగ్నల్ మూయలేదట. నాకిది ఇన్నేళ్లూ తెలియదు. పార్ట్‌నర్లు కోర్టుకెక్కారు. కేసు తేలేదాకా లైసెన్సు పోకూడదంటే ఏదో ఒకటి ప్రసారమవుతూ ఉండాలి. ఎవడో నా క్లిప్ ఒకటి సిస్టంలో పెట్టి తాళం వేసుకుని పోయాడు. అది దీపావళి వారంలో తీసిన క్లిప్. చుట్టూ బంతిపూల దండ గ్రాఫిక్. మూలన వెలుగుతున్న దీపం. మధ్యలో ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని నేను, కింద జ్యోత్స్న అని పేరు. చిన్న అంతరాయానికి చింతిస్తున్నాం, మళ్లీ వస్తాం, ఎక్కడికీ వెళ్లకండి అంటాను. నవ్వుతాను. మళ్లీ మొదటి నుంచి.

పూలదండ, దీపం, నవ్వుతున్న ఆడమనిషి. చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఎప్పుడు పెట్టినా అదే చీర, అదే నవ్వు, ఏళ్లు గడిచినా ఒక్క వెంట్రుక నెరవదు. పుణ్యస్త్రీగా పోయిన మనిషి పేరంటాలై టీవీలో నిలిచిందని వాళ్ల నమ్మకం. చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా వచ్చి పసుపు కుంకుమ పెట్టి పోతున్నారట.

నువ్వేం చెప్పావురా అని అడిగాను. ఏం చెప్తానే, చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను అన్నాడు.

16-8-2024, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. అక్కడ నాకు బూరెలు, పులిహోర పెట్టి ఉంటారు. ఇక్కడ అమ్మీ ఉప్మా చేసింది.

19-8-2024, సోమవారం

నేనే అడిగాను. షాపు మేడ మీద మూలపడి ఉన్న పెద్ద డిష్‌ను రెహమాన్ తుడిచి అటు తిప్పాడు. మధ్యాహ్నం మూడు దాటాక వచ్చింది. అంతకుముందు ఎంత తిప్పినా రాలేదు.

దానికి కారణం ఉందట. శాటిలైట్ అంటే మన నెత్తిన ఒకేచోట మేకు కొట్టినట్టు నిలబడి ఉంటుంది. భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి కదలనట్టే కనిపిస్తుంది. అలా నిలబడాలంటే ఇంధనం కావాలి. దీనికి అయిపోవచ్చింది. ముసలిదైపోయింది ఆపా, కాలు నిలవట్లేదు, పైకీ కిందికీ ఊగుతోంది అన్నాడు. డిష్ ఎదురుగా వచ్చినప్పుడే దొరుకుతుంది. రోజుకు రెండుసార్లు. ప్రతిరోజూ నిన్నటి కంటే కాస్త ముందుగా. వాడికి ఇది టెక్నికల్ విషయం. మాణిక్యాంబ గారికేమో తల్లి వచ్చే వేళ.

చూశాను. నాకంటే చిన్నది. గొంతు ఎంత బాగుందో. అప్పట్లో నాకు తెలియలేదు, ఇంకా పలకాలి, ఇంకా పలకాలి అని ఎండీ సతాయిస్తుంటే ఏడ్చేదాన్ని. కళ్లు కెమెరా పక్కన చదవాల్సిన మాటలు చూపించే ప్రాంప్టర్ వైపు ఉన్నాయి. అందుకని ఎక్కడ నిలబడి చూసినా నా వైపు చూడదు. నా భుజం పక్కగా, నా వెనక ఎవరో నిలబడినట్టు అటు చూస్తుంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. సిగ్గేసింది.

రెహమాన్ కట్టేస్తానంటే కాసేపు ఉంచమన్నాను. సిగ్నల్ పోయేదాకా కూర్చున్నాను.

25-8-2024, ఆదివారం

టెక్నీషియన్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. సెప్టెంబర్ 6న ఆ శాటిలైట్ ఆపేస్తారు. మిగిలిన కాస్త ఇంధనంతో దాన్ని ఇంకా పైకి నెట్టేసి స్విచాఫ్ చేస్తారు. పాతవన్నీ అక్కడికే పంపుతారట. గ్రేవ్‌యార్డ్ ఆర్బిట్. రెహమాన్ చదివి వినిపిస్తుంటే అమ్మీ బియ్యం ఏరుతూ తలెత్తి, ఆకాశంలో కూడా ఖబరస్తాన్ ఉందా అని అడిగింది.

మాణిక్యాంబ గారికి చెప్పాలి కదా అన్నాను. రెహమాన్ ఫోన్ చేశాడు. ఆవిడ నవ్విందట. ఎక్కడికీ వెళ్లొద్దని మాకు చెప్పిన తల్లి తను ఎక్కడికి పోతుంది బాబూ అన్నదట. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. కూతురు బిందుకు నెలలు నిండుతున్నాయి. ఇంతకుముందు రెండు కడుపులు పోయాయి. ఈసారి మూడో నెలలోనే పుట్టింటికి తెచ్చుకుని పేరంటాలుకు మొక్కించింది. కాన్పయ్యేదాకా గడప దాటనని, రోజూ నీ ముఖం చూసే ముద్ద ముట్టుకుంటానని. అప్పటి నుంచి పిల్ల బాగుంది. స్కానింగ్‌కు కూడా పోలేదు.

ఫోన్ పెట్టేశాక రెహమాన్ నా వైపు చూశాడు. ఎవరో పెట్టిన క్లిప్. ఎవరో రాసిచ్చిన మాట. దాన్ని పట్టుకుని ఒక నిండు గర్భిణి కూర్చుంది.

1-9-2024, ఆదివారం

వాన. నిన్నటి నుంచి తెరిపి లేదు. బెజవాడ మునిగింది. బ్యారేజీ నుంచి నీళ్లు వదులుతున్నారు. ఆ నీళ్లన్నీ రేపల్లె వైపే.

సాయంత్రం బిందు భర్త ఫోన్ చేశాడు. కార్తీక్ అట, బాపట్లలో బ్యాంకు ఉద్యోగం. రెండు రోజులుగా అత్తగారింట్లోనే ఉండి బతిమాలుతున్నాడు. ఊరు ఖాళీ చేయమని ఆఫీసర్లు చెప్పి పోయారు. సగం ఊరు వెళ్లిపోయింది. భార్య కదలదు. బలవంతంగా ఎత్తుకుపోదామంటే ఊపిరాడక నీలుక్కుపోతోంది. అన్నా, నువ్వొచ్చి ఆ టీవీ పగలగొట్టేసి పో, నీకు పుణ్యముంటుంది అని ఏడ్చాడట.

రెహమాన్ నోరు ఊరుకోదు. ఆవిడ చావలేదండి, మా అక్కే, ఇక్కడే ఉంది అనేశాడు. ఆమెను పంపగలరా అండి అని వినిపించింది. స్పీకర్ ఆన్‌లో ఉంది. నేను తలూపాను.

2-9-2024, సోమవారం
బాపట్ల, హాస్పిటల్ వరండా

మర్చిపోకముందే రాసేస్తున్నాను.

పొద్దున రెహమాన్ వ్యాన్‌లో బయల్దేరాం. వేమూరు దాటాక రోడ్డేదో పొలమేదో తెలియలేదు. కరకట్ట మీద జనం ఇసుక బస్తాలు మోస్తున్నారు. ఒక పక్క ఏరు కట్ట అంచుదాకా వచ్చి ఉంది. రెండో పక్క, బాగా కిందుగా, వాళ్ల ఇల్లు.

ఊళ్లో కరెంటు లేదు. ఇన్వర్టర్ మీద ఒక్క టీవీ మాత్రం నడుస్తోంది. వానకు చిన్న డిష్‌లన్నీ ఆగిపోయాయట, ఆ గొడుగు డిష్ ఒక్కటే ఆగలేదు. మాణిక్యాంబ గారు అదే చెప్పింది. చూడమ్మా, లోకమంతా చీకటైనా నా తల్లి వచ్చింది అని.

హాల్లో టీవీకి పూలదండ. అగరుబత్తి వాసన. స్క్రీన్ మీద, నా నుదురు వచ్చేచోట, కుంకుమ బొట్టు పెట్టారు. క్లిప్‌లో నేను నవ్వేముందు తల కొంచెం పక్కకు వంచుతాను. ముఖం జరిగేది. గాజు మీది బొట్టు అక్కడే ఉండేది. నవ్వు అయ్యాక ముఖం మళ్లీ వచ్చి బొట్టు కింద చేరేది. దాని ముందు చాప మీద ఆ పిల్ల, పొట్ట పట్టుకుని కూర్చుని ఉంది. పాతికేళ్లుంటాయేమో. పెదాలు ఎండిపోయి, కాళ్లు వాచి ఉన్నాయి.

నేను నిజమే చెప్పాను. ఇది నేనే. చావలేదు. రికార్డింగమ్మా ఇది, ఎవరో పెట్టి మర్చిపోయారు, దీన్ని నమ్మి ఉండిపోవద్దు అన్నాను. ఉన్న గాలంతా పెట్టి చెప్పాను. సరిగ్గా అప్పుడే టీవీలో నేను కూడా మొదలుపెట్టాను. చిన్న అంతరాయానికి చింతిస్తున్నాం. గంట కొట్టినట్టు పలికాను. రెండు గొంతులూ ఒకేసారి వినబడ్డాయి. ఎవరిని నమ్మాలంటే నేనైనా దాన్నే నమ్ముతాను.

మాణిక్యాంబ గారికి కోపం వచ్చింది. నా తల్లి గొంతు నాకు తెలియదా, ఎవరమ్మా నువ్వు, చచ్చిన మనిషి మీద అబద్ధాలాడితే కళ్లు పోతాయి అంది. కార్తీక్ ఏదో చెప్పబోతే వినలేదు. ఇంతలో బిందు నా ముఖం వైపు అదేపనిగా చూసింది. టీవీ వైపు చూసింది. మళ్లీ నా వైపు. మీరు ఆవిడ చెల్లెలా అండి అని అడిగింది.

బయట ఎవరో అరుస్తున్నారు, కట్ట దగ్గర నీళ్లు ఊరుతున్నాయని.

అవును అన్నాను.

అక్క మీతో మాట్లాడుతుందా అని అడిగింది. మాట్లాడుతుంది అన్నాను. నిన్న కలలో వచ్చింది. ఆ పిల్లను ఇక ఆ ఇంట్లో ఉంచొద్దు, మొక్కు తీరిపోయింది, నేను తన వెంటే వస్తాను అని చెప్పింది అన్నాను. ఆ మాటలు నాకు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు. ఎవరూ రాసివ్వలేదు. ఈసారి గొంతు ఇంకా అధ్వానంగా ఉంది, అయినా ఎవరూ అనుమానించలేదు. చెల్లెలి గొంతు ఎలా ఉంటే ఏంటి?

బిందు చెయ్యి చాపింది. పట్టుకుని లేపాను. గడప దగ్గర ఒకసారి ఆగి టీవీ వైపు తిరిగి దండం పెట్టింది. నా చేతిని కూడా కలిపి పెట్టింది. నాకు నేనే దండం పెట్టుకున్నాను.

వ్యాన్‌లో రెహమాన్ నన్ను ఆపా అని పిలిచాడు. మాణిక్యాంబ గారికి అప్పుడు తట్టింది, రెహమాన్ నా తమ్ముడైతే మేం సాయిబులం కదా అని. భయపడ్డాను. ఆవిడ నా తల నిమిరింది. మా అత్తగారు పీర్ల పండక్కి బిందెలకొద్దీ పానకం పోసేదమ్మా, ప్రాణం పోయాక మతమేంటి అంది.

బాపట్ల వచ్చేదాకా బిందు నా చెయ్యి వదల్లేదు. ఇప్పుడు లోపల ఉంది. బీపీ చాలా ఎక్కువగా ఉందని, ఇంకా ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ తిట్టింది. మా అందర్నీ కలిపి తిట్టింది.

3-9-2024, మంగళవారం
బాపట్ల

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

పేరు జ్యోత్స్న అని అప్పుడే పెట్టేసుకున్నారు.

హాస్పిటల్ బయట బండి దగ్గర కార్తీక్ నాకు ఇడ్లీ కొనిపెట్టాడు. తను తినలేదు. మీరు బతికే ఉన్నారని నాకు తెలుసండి అన్నాడు. ఆ మాట ఎవరో ఒకరు అన్నందుకు నాకు ఏడుపొచ్చింది. తర్వాత చేతులు జోడించాడు. వాళ్లకు మాత్రం ఎప్పటికీ చెప్పొద్దండి, బిందు తనను ఎవరో కాపాడారన్న ధైర్యంతోనే లేచి కూర్చుంది, అది పోతే మళ్లీ పడిపోతుంది అన్నాడు.

సరే అన్నాను. చట్నీలో ఉప్పు ఎక్కువైంది.

6-9-2024, శుక్రవారం
తెనాలి

రేపు వినాయక చవితి. బోసు రోడ్డంతా పత్రి, మట్టి విగ్రహాలు.

షాపులోనే టీవీ పెట్టుకున్నాం. రెహమాన్ షట్టర్ సగం దించాడు. మధ్యాహ్నం రెండు దాటాక వచ్చింది. చూస్తూనే ఉన్నాం. ఏదైనా చప్పుడవుతుందని, తెర మసకబారుతుందని అనుకున్నాను. అదేం లేదు. చిన్న అంతరాయానికి చింతిస్తున్నాం, మళ్లీ అంది. అక్కడ ఆగిపోయింది. నీలం తెర. నో సిగ్నల్.

మిగతాది నేనన్నాను. వస్తాం, ఎక్కడికీ వెళ్లకండి. పక్కనే ఉన్న రెహమాన్‌కు కూడా వినబడలేదు.

13-9-2024, శుక్రవారం

షాపుకు ఒకాయన వచ్చాడు. జంపని నుంచి. సీసీ కెమెరాల రేటు అడుగుతూ నా ముఖం కేసి చూసి, అమ్మాయ్, నువ్వు అచ్చం ఆ టీవీ జ్యోత్స్నలా ఉన్నావు, పోయిందట కదా పాపం, పేరంటాలైందట అన్నాడు.

అవునండి అన్నాను.

19-9-2024, గురువారం

మాణిక్యాంబ గారి ఫోన్. నీళ్లు తీశాయట, ఇల్లు నిలిచిందట. కట్ట తెగలేదు. అదీ తల్లి దయే. టీవీలో ఇక రావడం లేదు కాబట్టి పటం కట్టించారు. కార్తీక్ సెల్‌లో ఎప్పుడో తీసిన వీడియో ఉంటే అందులోంచి ఫోటో తీయించారట. అంతా చెప్పి, ఒక్క సంగతి అడగాలమ్మా అంది. అక్కయ్య గారు పోయింది ఏ తిథి? ఏటా ఆ రోజు నలుగురికి అన్నం పెట్టుకుంటాం.

గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను. ఆపరేషన్ రోజు చెప్పాలా? ఛానల్ మూసిన రోజు చెప్పాలా? నోటికి వచ్చింది చెప్పాను. చవితికి ముందురోజు అని. ఆవిడ ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది. భాద్రపద తదియ, అందుకేనమ్మా సరిగ్గా ఆ రోజే వెళ్లిపోయింది అంది. ఏ సంవత్సరమని అడగలేదు. తిథి ఉంటే చాలు కదా. మీలో ఫాతెహా చదివిస్తారట కదమ్మా, అది కూడా మా ఖర్చుతో చదివించు అని పెట్టేసింది.

అమ్మీ గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. అమ్మీ నన్ను చిన్నప్పుడు కూడా కొట్టలేదు. ఇవాళ కొట్టింది. బతికున్న దానివి, నీ చావు రోజు నీ నోటితో చెప్తావా, ఎవరిని పిలుస్తున్నావే నువ్వు అని నా భుజాలు పట్టుకుని ఊపేసింది. తర్వాత ఎండుమిరపకాయలు దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. నాకు దగ్గు రాలేదు. అమ్మీకి కూడా రాలేదు.

2-10-2024, బుధవారం

మధ్యాహ్నం కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి అమ్మీ నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. ఇలా ఎన్నాళ్లుగా చూస్తోందో.

20-11-2024, బుధవారం

ఇవాళ రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరికీ తేడా తెలియలేదు.

శాటిలైట్ ఇంకా పైనే ఉంటుందట. కిందకు పడదట. వేల ఏళ్లు అలాగే, కరెంటు లేకుండా, మాట లేకుండా తిరుగుతుందట. రెహమాన్ మామూలుగా చెప్పాడు, టీ తాగుతూ. నేను గ్లాసు కింద పెట్టేశాను.

26-8-2025, మంగళవారం
రేపల్లె దగ్గర

ఇవాళ నా తిథి. తోబుట్టువు లేకుండా ఎలా అని బిందు కారు పంపింది. అమ్మీకి చెప్పకుండా వచ్చాను.

పటం ముందు ఒక ఆకు, దాని పక్కన నాకు ఒక ఆకు వేశారు. రెండింట్లోనూ ఒకే వరసలో వడ్డించారు. పరమాన్నం బాగుంది.

భోజనాలయ్యాక పాపను తెచ్చి పటం ముందు కూర్చోబెట్టారు. రోజూ దండం పెడుతుందట. పెట్టమ్మా అంటే అటు చూడలేదు. వెనక్కి తిరిగి, నన్ను చూసి, రెండు చేతులూ జోడించింది.

బిందు దాని ముఖం పట్టుకుని పటం వైపు తిప్పింది. మళ్లీ నా వైపే తిరిగింది.

ఎవరూ నవ్వలేదు.